కంచె దాటిన తెల్ల పుంజు

కబురు వచ్చినప్పుడు మేము కాఫీ పళ్ళు కోస్తున్నాం. రాజధాని మన్రోవియా నుంచి ఏటికి ఎదురుగా వచ్చే పడవ ఇంకా ఒడ్డు చేరనే లేదు, తెడ్డు వేసే మనిషి లేచి నిలబడి కేకేశాడు.

"జడ్జి ట్వైమన్ గారిని పెద్ద కోర్టుకి వేశారంట! ప్రెసిడెంటుగారే పేరు చెప్పారంట!"

ఆ ఊపుకి పడవ ఒరిగి ఉప్పు బస్తా ఒకటి నీళ్ళలో పడింది. ఆ బస్తా ఎవరిదో వాళ్ళు కూడా తిట్టడం మరిచిపోయి చప్పట్లు కొట్టారు.

జడ్జి అబ్నర్ ట్వైమన్ మా మామయ్య, మా అమ్మకు అన్న. అమ్మ పోయాక నన్ను మామయ్యా, కెజయా అత్తయ్యా పెంచారు. ఇంట్లో ఇంకొక మనిషి జూడిత్ అమ్మమ్మ. ఆమెకు చూపు దాదాపు పోయింది. వరండాలో ఊగుడు కుర్చీలో కూర్చుని, ఎండిన కాఫీ గింజల్ని వేళ్ళతో తడిమి పుచ్చువి ఏరి పారేసేది. కళ్ళున్న నాకంటే బాగా ఏరేది.

మామయ్య ఇటుకల బట్టీ దగ్గర నుంచి మట్టి చేతులతోనే వచ్చాడు. అమ్మమ్మ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మా, విన్నావా?" అన్నాడు.

"నాకు పోయింది చూపేరా, చెవులు కాదు," అంది అమ్మమ్మ. "ఇంకా ఒప్పుకోవాల్సినవాళ్ళు ఉన్నారుగా. వాళ్ళు ఒప్పుకున్నాక చెప్పు. అప్పుడు ఏడుస్తా."

మామయ్యకు ఆ పీఠం మీద ఎందుకంత ఆశో మా ఇంట్లో అందరికీ తెలుసు. వర్జీనియాలో అమ్మమ్మ ఒక దొర పొగాకు తోటలో బానిసగా ఉండేది. ఆమె కళ్ళముందే ఆమె తమ్ముణ్ణి కొట్టి కుంటివాణ్ణి చేసిన మనిషి కోర్టులో నిలబడి, "నేను కాదు" అన్నాడు. చూసిన అమ్మమ్మను లోపలికి రానివ్వలేదు. నల్లవాళ్ళ మాట తెల్లవాళ్ళ మీద అక్కడ చెల్లదు. తరవాత విడుదలై, మామయ్యను చంకనేసుకుని ఓడెక్కి, విడుదలైన నల్లవాళ్ళు వచ్చి స్థిరపడుతున్న ఈ లైబీరియాకు వచ్చింది. దిగిన రోజున ఆమె అడిగిన మొదటి మాట, "ఇక్కడ కోర్టు ఎక్కడుంది?" అని. కోర్టు ఇంకా కట్టలేదన్నారట. అందుకనే మామయ్య ఇటుకలు చేయడం నేర్చుకున్నాడని మా ఊళ్ళో ఒక వేళాకోళం.

నిజానికి ఆ వేళాకోళంలో కొంత నిజం ఉంది. నది ఒడ్డున ఒక ముసలి లాయరు ఉండేవాడు. ఆయన ఇంటికి వంటపొగ గొట్టం కట్టిపెట్టి, బదులుగా ఆయన దగ్గర చట్టం చదువుకున్నాడు మామయ్య. పొగ గొట్టం ఒక వానాకాలంలో పూర్తయింది. చదువు పూర్తి కావడానికి ఆ ఇంటికి మామయ్య వంటిల్లు, బావి, ప్రహరీ కూడా కట్టాల్సి వచ్చింది. ఆ తరవాత ఊరి తగువులు తీర్చే మేజిస్ట్రేటు అయ్యాడు, ఆపైన జిల్లా జడ్జి అయ్యాడు. మామయ్య ఎప్పుడూ తగువు పడిన చోటికే వెళ్ళి, అక్కడే నిలబడి తీర్పు చెప్పేవాడు. ఆవు తగువైతే దొడ్లో, గట్టు తగువైతే గట్టు మీద. నల్ల కోటు, పొడుగాటి పట్టు టోపీ మాత్రం ఎండ ఎంత కాచినా తియ్యడు.

ఇప్పుడు సమస్య సెనేట్. ప్రెసిడెంటు పేరు చెబితే సరిపోదు, సెనేటర్లు ఒప్పుకోవాలి. మా జిల్లా సెనేటరు తల అడ్డంగా ఊపితే మిగతావాళ్ళెవరూ నిలువుగా ఊపరు. మా జిల్లా సెనేటరు బర్వెల్ హార్గ్రోవ్. మా పక్క తోట ఆయనదే. ఇద్దరి మధ్య ఉన్నది వెదురు కంచె ఒక్కటే. ఆయనా మామయ్యా ఒకే ఓడలో వచ్చిన పిల్లలు, ఒకే బెంచీ మీద చదువుకున్నారు. చాలా ఏళ్ళుగా మాటల్లేవు.

మాటలు పోయింది రేవు తగువు వల్ల. నదికి మా వైపు ఒక పడవల రేవు ఉంది. తన పట్టాలో ఉంది కాబట్టి అది తనదన్నాడు హార్గ్రోవ్. కాదు, మా తాతల నాటి నుంచి మా పడవలు అక్కడే కట్టుకుంటున్నాం అన్నారు కైఫా పెద్దరికంలో ఉన్న డే జాతి వాళ్ళు, ఈ నేల మీద మాకంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళు. మామయ్య రేవులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అందరి మాటా విన్నాడు. "పట్టా రాసేటప్పటికే ఇక్కడ వీళ్ళు కూర్చుని ఉన్నారు. ముందు నుంచీ కూర్చున్నవాళ్ళని తరవాత వచ్చిన కాగితం లేపలేదు," అని తీర్పిచ్చాడు. ఆ ఆదివారం నుంచి చర్చిలో హార్గ్రోవ్ కుటుంబం ఎడమ బెంచీల్లోకి మారిపోయింది.

"వెళ్ళి ఒకసారి కాళ్ళు పట్టుకుంటే ఏం పోయిందండీ?" అంది అత్తయ్య. "మన నది పొడుగునా ఆయన కాళ్ళు పట్టుకోనివాడు ఎవడు? గవర్నర్లే పట్టుకున్నారు."

"తప్పు చేస్తే కాళ్ళే కాదు, బూట్లు కూడా తుడుస్తా. ఆ తీర్పులో తప్పేముందే?"

"తప్పని ఎవరన్నారు? ఏదో మాటవరసకి..."

"నేను మాటవరసకి వంగితే కైఫా వాళ్ళ రేవు నిజంగానే పోతుంది, కెజయా. జడ్జే క్షమాపణ అడిగాడు, అంటే తీర్పు తప్పేగా అంటారు."

"అయితే ఆ పెద్ద పీఠం మీద ఇంకెవరినైనా కూర్చోనివ్వండి! మీరు బట్టీలో కూర్చోండి!" అని అత్తయ్య లోపలికి వెళ్ళి గిన్నెలతో మాట్లాడింది.

ఇక్కడ తెల్ల కోడి సంగతి చెప్పాలి. మా నది ఒడ్డు ఊళ్ళలో తెల్ల కోడి అంటే తెల్లని మనసు. సంతోషం చెప్పడానికి ఇస్తారు, తగువు మాపుకోవడానికీ పంపుతారు. ఊరికే తిరిగే కోడి కాదు, పంపిన కోడి అని తెలిసేలా కాలికి నేత గుడ్డ పేలిక కడతారు. అలాంటి కోడి గుమ్మంలోకి వచ్చాక తిప్పి పంపితే తగువు ఉన్నట్టు. కోసుకు తింటే తీరినట్టు. తిన్నాక ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు.

కబురు తెలిసిన దగ్గర నుంచి మా ఇంటికి తెల్ల కోళ్ళ వరస మొదలైంది. రేవు వాళ్ళ పెద్ద కైఫా స్వయంగా ఒక పుంజును చంకలో పెట్టుకు వచ్చాడు. మంచి బరువైన పుంజు, కాలికి నీలం చారల పేలిక. కూత మాత్రం వింత. మొదలు గట్టిగా అందుకుని, చివర గొంతులో ఎముక అడ్డం పడ్డట్టు తుస్సుమనేది.

"ఇదేం కూతయ్యా కైఫా, దగ్గా?" అంది అమ్మమ్మ.

"కూతకేముందమ్మా, కూరలో అది రాదుగా," అన్నాడు కైఫా. మామయ్య వైపు తిరిగి, "పెద్ద కోర్టుకెళ్ళినా సరే, మా కోసం నీళ్ళలో నిలబడ్డ కాళ్ళు మీవి. మరిచిపోకండి," అన్నాడు.

"ఆ రోజు జలగ పట్టింది. ఎలా మరిచిపోతాను?" అన్నాడు మామయ్య.

మర్నాడు తెల్లవారుతుండగా నేను గంప ఎత్తితే కోళ్ళన్నీ గింజల మీదికి పోయాయి. కైఫా పుంజు మాత్రం నేరుగా కంచె మీదికి ఎగిరింది. నేను పరిగెత్తేలోపు అవతల హార్గ్రోవ్ గారి కాఫీ చెట్లలోకి దూకి, మెడ నిక్కించుకుని ఎవరో పిలిచినట్టు వాళ్ళ ఇంటివైపు నడిచిపోయింది. అత్తయ్యతో చెప్పాను.

"పోతే పోనీవే టెంపీ. ఆ ఇంటికి వెళ్ళి కోడి అడగడం కంటే కోడి లేకపోవడమే నయం," అంది.

ఆదివారం చర్చిలో పాట అయ్యాక సెనేటర్ హార్గ్రోవ్ లేచాడు. పెద్ద మనిషి, పెద్ద తల. ఆయన ఎడమ బెంచీల నుంచి బయటికి వచ్చి, మధ్య దారి దాటి మా బెంచీ దగ్గర ఆగి మామయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. పాస్టరు గారు పాట పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారు.

"చాలా బాగుంది అబ్నర్," అన్నాడు హార్గ్రోవ్. "సెనేట్‌లో నేను చూసుకుంటా. రేపు పొద్దున పడవకి వెళ్తున్నా."

మామయ్యకు ఏం బాగుందో తెలియలేదు. బయట చెట్టు కింద ఒక పెద్దాయన భుజం తట్టి, "మంచి పని చేశావయ్యా. కోడి పంపి కాళ్ళు పట్టుకుంటే చిన్నతనమేం లేదు. బర్వెల్ అందరికీ చెప్పి చెప్పి మురిసిపోతున్నాడు," అన్నాడు. అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చాక మామయ్య టోపీ కూడా తియ్యకుండా అత్తయ్య వైపు చూశాడు.

"నా వైపు చూస్తారేం? పంపాలని ఉంది, పంపలేదు. బైబిలు మీద ఒట్టు," అంది అత్తయ్య.

నేను పుంజు సంగతి చెప్పాను. మామయ్య కుర్చీలో కూలబడి, ముందు నవ్వాడు. ఆ తరవాత నవ్వు ఆగిపోయింది.

"నేను పంపలేదని చెప్పాలి. ఈ రోజే చెప్పాలి, ఆయన పడవెక్కకముందు."

"ఎందుకండీ? మీరు అబద్ధం ఆడలేదే! ఆయన అనుకున్నాడు, అనుకోనివ్వండి. దేవుడు పంపిన కోడి అది!"

"తన మందలో కలిసిన పొరుగువాడి ఆవుని చూస్తూ కూడా నోరు మెదపనివాడిని నేను దొంగ అన్నాను, కెజయా. ఆ తీర్పు నీకు గుర్తుందిగా? మీ తమ్ముడే వాడు."

అత్తయ్య కళ్ళు నీళ్ళతో నిండాయి. "చెబితే ఆ పీఠం పోతుంది," అంది మెల్లగా.

"పోతుందేమో," అన్నాడు మామయ్య. కోటు గుండీలు పెట్టుకున్నాడు. "టెంపీ, నువ్వు రా. చూసినదానివి నువ్వు."

"నేనూ వస్తా," అంది అమ్మమ్మ.

"నువ్వెందుకమ్మా?"

"చెయ్యి పట్టుకోరా. ఊరికే ఎందుకని అడక్కు."

కంచె చుట్టూ తిరిగి, ఆమె నడకతో మేము వెళ్ళేసరికి హార్గ్రోవ్ ఇంటివాళ్ళు భోజనం ముగించి వరండాలో అల్లం పానకం తాగుతున్నారు. హార్గ్రోవ్ చేతులు చాచి ఎదురొచ్చాడు.

"రండి రండి! అమ్మా, మీరు కూడానా! మా గుమ్మం ఎన్నాళ్ళకి తొక్కారు!"

"కూర్చోవడానికి రాలేదు, సెనేటర్ గారూ," అన్నాడు మామయ్య. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఒక్క గుక్కలో చెప్పేశాడు. "ఆ పుంజును నేను పంపలేదు. అది తనంతట తను కంచె దాటి వచ్చింది. రేవు తీర్పు విషయంలో నేను క్షమాపణ అడగలేదు, అడగను. మీరు వేరేగా అనుకుని నాకు ఓటు వేయకూడదని చెప్పడానికి వచ్చాను."

వరండాలో ఎవరి గ్లాసు వాళ్ళ చేతిలోనే ఆగిపోయింది. హార్గ్రోవ్ ముఖం మెల్లగా నల్లబడింది.

"పేలిక కట్టిన కోడి తనంతట తను నడిచి వచ్చి నా మెట్టు మీద నిలబడిందా? నన్ను చూసి కూసింది కూడాను! ఎవరు చూశారు? సాక్షి ఎవరు?"

నేను నోరు తెరిచాను. అప్పటికే అమ్మమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"నేనున్నా. నేను సాక్షిని."

"మీరా? మీకు కనపడదు కదమ్మా."

"కనపడదు నాయనా, వినపడుతుంది. ఆ పుంజు కూత చివర తుస్సుమంటుంది. నువ్వు విన్నావా లేదా?"

హార్గ్రోవ్ గొంతు సవరించుకున్నాడు. "విన్నాను. దగ్గులా ఉంటుంది."

"ఆ వేళ ముందు మా గంప దగ్గర కూసింది. మళ్ళీ కంచె మీద కూసింది. ఆ తరవాత మీ చెట్ల వైపు నుంచి కూసింది. మధ్యలో మనిషి అడుగు ఒక్కటే వినపడింది. అది మా టెంపీది. అదీ కంచె ఇవతలే ఆగిపోయింది. తీసుకొచ్చి వదిలిన మనిషి లేడు. ఇదీ నా సాక్ష్యం." శాలువా సర్దుకుని, "ఇన్నేళ్ళకి నన్నొకరు సాక్షి ఎవరని అడిగారు," అంది.

నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

హార్గ్రోవ్ తల్లి కూడా ఆ ఓడలోనే వచ్చింది. ఆమె మాట కూడా సముద్రానికి అవతల ఏ కోర్టులోనూ చెల్లలేదు. ఆయన నిటారుగా నిలబడి, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని, కోర్టులో ఉన్నట్టే అన్నాడు: "సాక్ష్యం ఒప్పుకుంటున్నాను."

ఉన్నట్టుండి ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"కానీ ఒక చిక్కుందిరా అబ్నర్."

చాలా ఏళ్ళ తరవాత వచ్చిన ఆ 'రా' అందరం విన్నాం.

"తినేశాను," అన్నాడు. "పామాయిలు కూరలో వేసి, మా ఇంటిల్లిపాదీ తిన్నాం. మెడ ముక్క పక్కింటి పాస్టరుకి కూడా పంపాం. ఎవరు పంపినా పంపకపోయినా తిన్న కోడి తిన్నట్టే. తగువు తీరిపోయింది. ఇప్పుడు కక్కమంటే ఎలా?"

ముందు నవ్వింది ఆయన భార్య. ఆ తరవాత వరండా అంతా నవ్వింది. మామయ్య మాత్రం నవ్వలేదు. ఆయన ముఖంలో తీర్పు చెప్పే ముందు వచ్చే ముడత వచ్చింది.

"అలా కాదు బర్వెల్. అది నా కోడి. తెలియక తిన్నావు, నేరం లేదు. నష్టం మాత్రం ఉంది. కోడికి కోడి ఇవ్వాలి."

"ఇస్తాలే, నల్లది ఒకటి బలిసి ఉంది."

"తిన్నది తెల్లది. తెల్లదే ఇవ్వాలి."

"ఒరే! నేను నీ గుమ్మంలోకి తెల్ల కోడి పంపితే నది ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఏమనుకుంటారురా?"

"నువ్వు కాళ్ళు పట్టుకున్నావనుకుంటారు," అన్నాడు మామయ్య. పెదవి చివర కదిలింది. "నాలుగు రోజులు నన్ను అలాగే అనుకున్నారుగా."

హార్గ్రోవ్ వెదురు కుర్చీలో కూలబడి, అది విరిగేంతగా నవ్వాడు. "అమ్మా, వీణ్ణి పెద్ద కోర్టులో కూర్చోబెట్టకపోతే నది మీద మనల్ని బతకనిచ్చేలా లేడు!" అని కళ్ళు తుడుచుకున్నాడు. "నిజం చెప్పనా? ఆ పుంజు మెట్టు మీద కూసినప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో. నువ్వెప్పుడు కోడి పంపుతావా అని నేనూ, నేనెప్పుడు మర్చిపోతానా అని నువ్వూ, ముసలివాళ్ళమైపోయాం. రేవు సంగతంటావా, ఆ నీళ్ళలో జలగలు తప్ప ఏమున్నాయి?"

మర్నాడు పొద్దున పడవెక్కే ముందు సెనేటర్ హార్గ్రోవ్ పట్టు టోపీ, నల్ల కోటు వేసుకుని, చంకలో తెల్ల పెట్టతో, ఊరంతా చూస్తుండగా రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి మా ఇంటికి నడిచి వచ్చాడు. పెట్ట కాలికి పేలిక కూడా కట్టాడు. దారిలో కైఫా ఎదురుపడి ఆ పెట్టనూ, ఆ పేలికనూ చూసి తల ఊపాడట. "మా పుంజు మాటకారి. నాలుగు రోజుల్లో సంబంధం కుదిర్చింది," అన్నాడట.

ఆ పెట్టను కోయడానికి అమ్మమ్మ ఒప్పుకోలేదు. "అది కోర్టు ఆస్తి," అంది.

క్రిస్మస్ కాకముందే సెనేట్ ఒప్పుకుందని కబురు వచ్చింది. కొత్త సంవత్సరం రాగానే ప్రమాణం. బయలుదేరే రోజు పొద్దున మామయ్య పట్టు టోపీ కనపడలేదు. ఇల్లంతా వెతికాం. మెట్ల కింద చీకట్లో నాకు దొరికింది. అత్తయ్య దాన్ని ఆవిరి పట్టి ఆరబెట్టి మరిచిపోయింది. అందులో హార్గ్రోవ్ ఇచ్చిన పెట్ట గుడ్ల మీద పొదిగి కూర్చుని ఉంది. చెయ్యి పెట్టబోతే పొడిచింది.

"లేపండి దాన్ని!" అన్నాడు మామయ్య. "పడవ వెళ్ళిపోతోంది!"

మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన హార్గ్రోవ్ మెట్ల కిందికి వంగి చూసి, నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఎలా లేపుతావురా? నీ తీర్పే కదా. ముందు నుంచీ కూర్చున్నవాళ్ళని తరవాత వచ్చినవాడు లేపలేడు."

ఆ తీర్పుకి అప్పీలు లేదు. మామయ్య హార్గ్రోవ్ టోపీ కోసం చెయ్యి చాచాడు.

అలా జడ్జి అబ్నర్ ట్వైమన్ మన్రోవియాకు హార్గ్రోవ్ టోపీ పెట్టుకుని వెళ్ళాడు. అది ఆయనకు చెవుల దాకా దిగింది. ప్రమాణం చేసేటప్పుడు గడ్డం పైకెత్తి, టోపీ అంచు కింద నుంచి ప్రెసిడెంటు గారిని చూడాల్సి వచ్చింది. ఆ తరవాత పీఠం దిగి నేరుగా ముందు వరసలో ఉన్న అమ్మమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె చేతులు ఎత్తి ఆయన ముఖం తడిమింది, అలాగే పైకి టోపీ తడిమింది.

"ఇది నీది కాదే."

"బర్వెల్‌ది అమ్మా. ఒప్పుకున్నారు. ఇప్పుడు ఏడుస్తానన్నావు."

అమ్మమ్మ భుజాలు ఊగుతున్నాయి. నోటికి శాలువా అంచు అడ్డం పెట్టుకుంది.

"ఏడుద్దామనే చూస్తున్నానురా," అంది. "ఈ టోపీ ఏడవనివ్వడం లేదు."